పెట్రోల్ రాజు దర్బారు

కేశవరావు గారు యాభై నాలుగో ఏట, ఊడిన ముందు పన్ను కట్టించుకుని, జుట్టుకు నల్ల రంగు వేయించుకుని, పదహారేళ్ల రాజుగా సింహాసనం ఎక్కాలని నిశ్చయించుకున్నారు. ఎక్కేది నాటకంలోనే లెండి, కంగారు పడకండి. గల్ఫ్‌లోని ఒక దీవి దేశంలో, రిఫా అనే ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబాల సంఘానికి ఆయన అధ్యక్షుడు. అస్కర్ వైపు పనులకు మనుషుల్ని పంపే ఒక కాంట్రాక్టు కంపెనీలో అడ్మిన్ మేనేజరు కూడా ఆయనే. సాయంత్రం రిఫాలో చప్పట్లు కొట్టించుకోవడం, పొద్దున ఆఫీసులో కూలీల సెలవు కాగితాల మీద సంతకం పెట్టడం, పెట్టకపోవడం ఆయన పని. పెట్టకపోవడమే ఎక్కువ.

ఈ రాజు పిచ్చి ఆయనకు పోర్చుగీసు కోట దగ్గర పట్టుకుంది. సంఘం వాళ్లు ఒక శుక్రవారం పులిహోర డబ్బాలతో అక్కడికి పిక్నిక్ వెళ్లారు. ఒకప్పుడు ఈ దీవిని పోర్చుగీసు వాళ్లు ఏలారని అక్కడి బోర్డు చదివి, ఆయన ఇంటికొచ్చి ఫోనులో పోర్చుగల్ రాజులందరినీ తిరగేసి, వాళ్లలో ఒకణ్ణి ఏరుకున్నారు. ఐదో పెద్రో. వాళ్లు ఈ దీవి వదిలిపోయిన రెండు వందల ఏళ్లు దాటాక పుట్టాడు. ఇటువైపు తొంగి చూసిన పాపాన పోలేదు. అయితేనేం, కోట ఉంది, రాజున్నాడు, మధ్యలో కేశవరావు గారున్నారు.

"రాజుగారి దేశంలో ఉంటూ రాజుల మీద నాటకం ఎందుకండీ, లేనిపోని తంటా" అంది భార్య సూర్యప్రభ.

"చచ్చిపోయి నూట అరవై ఏళ్లయిన రాజు. అదీ మంచి రాజు. ఎవరికేం అభ్యంతరం?" అన్నారాయన. అదీ నిజమే. మంచివాడు చచ్చాక ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పెద్రో మంచివాడే, అందులో అనుమానం లేదు. తల్లి పోతే పదహారేళ్లకు రాజయ్యాడు. పద్దెనిమిది నిండాక పగ్గాలు చేతికొచ్చాయి. ఆ దేశంలో మొదటి రైలు, మొదటి టెలిగ్రాఫు తీగ ఆయన హయాంలోనే వచ్చాయి. కలరా, దాని వెనకే పచ్చజ్వరం రాజధాని మీద పడితే, డబ్బున్న వాళ్లు మూటాముల్లె సర్దుకుని పారిపోతుంటే, ఈ కుర్రాడు ఆసుపత్రుల్లో మంచం మంచం దగ్గరికీ వెళ్లి పలకరించాడు. కోట గుమ్మం దగ్గర పచ్చ పెట్టె పెట్టించి, ఎవరి మొర వాళ్లు రాసి వేయండని చెప్పి, తాళం చెవి తన దగ్గరే ఉంచుకున్నాడు. జనం వరసకట్టి వచ్చి రాజు చేతిని ముద్దు పెట్టుకునే పాత ఆచారాన్ని ఎత్తేశాడు. పెళ్లయిన ఏడాదికే భార్య పోయింది. ఇరవై నాలుగేళ్లకు జ్వరమొచ్చి తనూ పోయాడు. పాపం, బంగారంలాంటి పిల్లాడు.

ఇంత బతుకునూ కేశవరావు గారు రెండు గంటల్లోకి కుదించారు. ఎలా కుదించారంటారా? ఆసుపత్రి తీసేశారు, సెలవు రోజున రోగాలెవరు చూస్తారని. రైలు తీసేశారు, స్టేజీ మీద పట్టదని. రాణి వచ్చీ రాగానే చనిపోవాలి, పైగా చచ్చేముందు "మీరే నా దైవం" అనాలి. సూర్యప్రభ ఆ వేషం వెయ్యనంది కాబట్టి రాణి తెర వెనకే పోతుంది. ఇక మిగిలినవి రెండు: చేతి ముద్దు, చావు. చావు ఇరవై నిమిషాలు.

పచ్చ పెట్టె కూడా నాటకంలో ఎగిరిపోయింది కానీ, దాన్ని వృథా పోనివ్వలేదు. ఆ స్ఫూర్తితో అస్కర్‌లో కూలీలుండే క్యాంపు గేటు దగ్గర నిజంగానే ఒక పచ్చ డబ్బా పెట్టించారు, కార్మికుల ఫిర్యాదుల కోసం. రిబ్బను కత్తిరించారు. తాళం బ్రహ్మాండమైనది వేయించారు. డబ్బాకు కన్నం పెట్టించడం మరిచిపోయారు. క్యాంపులో అమ్మవారు పోసి ఆరుగురు మంచమెక్కినప్పుడు గేటు దాకా కూడా రాని మనిషి, ఈ డబ్బా పక్కన నిలబడి ఫొటోలు మాత్రం రకరకాలుగా తీయించుకున్నారు.

జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన క్యాంపు మనుషులకు పెద్రో అన్న పేరు నోరు తిరగలేదు. మొదటి రోజే అది పెట్రోల్ అయింది. "పెట్రోల్ రాజు" అంటే వాళ్లకు పోర్చుగల్ కుర్రాడూ గుర్తొస్తాడు, కేశవరావు గారూ గుర్తొస్తారు. ఒక పేరుతో రెండు పనులు.

ఆ క్యాంపులోనే ఉంటాడు లచ్చన్న. స్కాఫోల్డింగు పని, అంటే కట్టడాలకు పరంజా కట్టడం. నలభై ఐదేళ్ల వాడు, మీసం దిట్టం, నోరు అంతకన్నా దిట్టం. ఆ నెలలో లచ్చన్న కాలు నేల మీద నిలవడం లేదు, ఎందుకంటే ఊళ్లో సర్పంచి సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది, లచ్చన్న పెళ్లాం భీమవ్వ నామినేషన్ వేసింది. బుధవారం పోలింగు.

భీమవ్వ నిలబడిందని ఊరంతా అనుకుంటోంది. లచ్చన్న మాత్రం తానే నిలబడ్డాననుకుంటున్నాడు. రూములో ఉండే పరమేశ్ చేత ఫోనులోనే ఫ్లెక్సీ చేయించి ఊరికి పంపాడు. అందులో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి, తలుపంత ఎత్తున లచ్చన్న. కింద మూలన, తపాలా బిళ్లంత భీమవ్వ. సీఫ్ మాల్‌లో తెల్ల చొక్కాలు మూడు కొన్నాడు. పంచాయతీ ఆఫీసులో కుర్చీ కిటికీ దిక్కు వేయించాలా, తలుపు దిక్కు వేయించాలా అని పక్క మంచం లింబాద్రితో తగాదా కూడా పెట్టుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే మరి.

"నేను పోకుంటె ఒక్క ఓటు పడది రా. ఆమెకేమెర్క రాజకీయం? ఇంట్ల గొడ్డుగోద సూసుకునే ఆడిది" అనేవాడు.

కాబట్టి ఊరికి పోవాలి. పోలింగుకు మూడు రోజుల ముందైనా ఊళ్లో దిగాలి. దిగాలంటే సెలవు కావాలి. సెలవు కాగితం కేశవరావు గారి టేబుల్ మీద ఉంది.

"ఏమయ్యా లచ్చన్నా, మా నాటకంలో ప్రజలు కావాలి. ఓ పదిహేను మందిని తీసుకురా. శుక్రవారం సాయంత్రం నాటకం, దిగగానే సంతకం పెట్టేస్తాను, శనివారం ఫ్లైటెక్కెయ్" అన్నారాయన.

"ఓవర్‌టైం ఇస్తరా సార్?"

"కళకు ఓవర్‌టైమేంటయ్యా! సమోసాలు పెట్టిస్తాం."

అలా లచ్చన్న, లింబాద్రి, పరమేశ్, మిగతావాళ్లూ కంపెనీ బస్సులో రిఫా వచ్చి పోర్చుగల్ ప్రజలయ్యారు. పొద్దంతా డ్యూటీ చేసి, మొహాన నీళ్లు కొట్టుకుని వచ్చేవాళ్లు. వరసగా నడిచి రావాలి, ఒక్కొక్కరే వంగి రాజుగారి చేయి ముద్దు పెట్టుకోవాలి, ఆఖరివాణ్ణి రాజు లేవనెత్తి, "లేవండి! నేటి నుండి నా రాజ్యమున ఎవరునూ ఎవరి చేతినీ ముద్దాడవలదు!" అని గర్జించాలి. ఆఖరివాడు లచ్చన్న.

చేతి ముద్దును ఎత్తేసే సీను అది. కానీ ఎత్తేయాలంటే ముందు ఉండాలి కదా. కేశవరావు గారికి ఆ ఉండటంలోనే రుచి దొరికింది. పద్నాలుగో మూతి దాటగానే "ఆగండాగండి, ఫీల్ రాలేదు, మొదట్నించి" అనేవారు. గర్జన దాకా ఏ రోజూ వెళ్లలేదు. పక్కన సూర్యప్రభ చేతులకు రాసుకునే శానిటైజర్ మందు సీసా పట్టుకుని నిలబడి, ముద్దు ముద్దుకూ ఆయన అరచేతిలో ఒక చుక్క వేసేది. మూడో రోజుకు ఆయన చేయి చిట్లి ఎర్రబడింది.

"ఈ ముద్దులు మన నేటివిటీకి సరిపడవు" అని అప్పుడు కనిపెట్టారు కేశవరావు గారు. "మనవాళ్లకు గుండె కరగాలంటే కాళ్లే. మీరందరూ వచ్చి నా కాళ్లమీద పడండి. పడి ఒక్కటే మాట. మీ తెలంగాణ మాట ఉంది చూశారూ, అబ్బ, ఎంత బావుంటుందో! 'బాంచెన్ దొరా, నీ కాల్మొక్కుతా!' హాలు హాలంతా ఏడ్చేస్తుంది."

హాలు సంగతి తర్వాత, ముందు లచ్చన్న రక్తం సర్రున నెత్తికెక్కింది.

కృష్ణా జిల్లాలో కంప్యూటరు పాఠాలు చదివి పైకొచ్చిన కేశవరావు గారికి అది ఒక తియ్యటి యాస. లచ్చన్న ఇంట్లో అది యాస కాదు. బాంచెన్ అంటే నీ బానిసను. ఒకప్పుడు దొర ఉండే గడీ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన ఊరు అది. లచ్చన్న తాత ఒకనాడు ఆ మాట అననన్నాడు. అననందుకు నడి ఎండలో వంగబెట్టి, వీపు మీద బండ ఎత్తారు. బండ మోశాడు గానీ మాట అనలేదు. ఆ నడుము మళ్లీ నిటారుగా నిలవలేదు. ఇప్పుడు భీమవ్వ గడపగడపకూ తిరిగి చెబుతున్నది ఆ మాటే: "మా ఇంట్ల ఎవ్వరు బాంచెన్ అనలే, మిమ్ముల ఎవ్వరికి అననియ్యను." ఎదుటి అభ్యర్థి ముత్తవ్వ వెనకాల ఉన్నదేమో ఆ గడీ వాళ్ల మనవడు.

"నాటకం లైవ్ కూడా ఇస్తున్నాం. ఫేస్‌బుక్‌లో. మీ ఊరివాళ్లందరికీ చెప్పుకోండి!" అన్నారు కేశవరావు గారు, వరమిచ్చినట్టు.

లచ్చన్న చిక్కులో పడ్డాడు. ఆ మాట అనకపోతే సెలవు లేదు, అంటే పెళ్లానికి ఓట్లు లేవు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ రోజుకు గొంతు బాగాలేదని దగ్గి తప్పించుకున్నాడు. బస్సెక్కగానే భీమవ్వకు ఫోను చేశాడు.

"ఏందీ? బాంచెన్ అంటవా?" అంది భీమవ్వ. ఆమె వెనక డప్పుల మోత, ఆడవాళ్ల గొంతులు.

"అయ్యో, నాటకమే గదనే!"

"నాటకమో గీటకమో, ఫోన్ల సూసేటోనికేమెర్క? ముత్తవ్వ దిక్కోళ్లు గసువంటి దాని కోసమే సూస్తున్రు. నేనీడ గొంతు పోయేదాక ఒర్రుతున్న. నువ్వాడ లైట్లేసుకొని కాళ్ల మీద పడ్డవంటె, ఇగ నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"అనకుంటె లీవియ్యడే వాడు!"

"ఇయ్యకుంటె పాయె."

అంత తేలిగ్గా అనేసింది. రాకపోతే ఎలాగని ఏడుస్తుందనుకున్నాడు లచ్చన్న. 'పాపం, నాకు ధైర్యం చెప్పడానికి అట్ల అంటున్నది' అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మగవాడి మనసు సర్దిచెప్పుకోవడంలో దిట్ట.

ఆ బస్సులోనే అసలు సంగతి జరిగింది. పరమేశ్‌కు వెటకారం ఎక్కువ. లచ్చన్న మొహం చూసి ఆగలేక, సీట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, "బాంచెన్ దొరా! బాంచెన్ దొరా!" అని లచ్చన్న కాళ్లు పట్టుకున్నాడు. అందరూ పకపకా నవ్వారు. లచ్చన్నకు ఒళ్లు మండిపోయింది.

"బంజెయ్ రా!" అని అరిచాడు. "బంజెయ్ నీ యవ్వ, కాల్మొక్కుడు!"

బంజెయ్ అంటే ఇంకేముంది, బంద్ చెయ్. ఆపు. నోరు మూసుకో. ఆ వైపు రోజుకు వంద సార్లు అనే మాట. కాల్మొక్కుడు అంటే కాళ్లు మొక్కడం. కానీ అరిచిన వెంటనే లచ్చన్న నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. లింబాద్రి వెనక సీటులోంచి నెమ్మదిగా లేచాడు.

"అన్నా, ఇంకోపారి అను."

"బంజెయ్."

"ఎనుక దొరా అని పెట్టు."

"బంజెయ్ దొరా..." అన్నాడు లచ్చన్న. ఆ మీదటిది దానంతటదే వచ్చింది. "బంజెయ్ దొరా, కాల్మొక్కుడు!"

 ఇక బస్సులో మలయాళీ డ్రైవరు బ్రేకు వేసి వెనక్కి తిరిగి "క్యా హువా భాయ్?" అని అడిగేంత గోల.

మర్నాడు రిహార్సల్‌లో లచ్చన్న వెళ్లి రాజుగారి ముందు వంగాడు. వంగీ వంగనట్టు వంగి, రెండు చేతులూ ఎత్తి, గొంతు బొంగురు చేసి, "బంజెయ్ దొరా! కాల్మొక్కుడు!" అన్నాడు.

కేశవరావు గారు కళ్లు మూసుకున్నారు. లచ్చన్న ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి.

"ఆహా! ఇదీ యాసంటే!" అన్నారు కేశవరావు గారు కళ్లు తెరిచి. "నేను పుస్తకాల్లో చదివి బాంచెన్ బాంచెన్ అంటున్నాను, మట్టి వాసన ఎక్కడుంది అందులో? బంజెయ్! విన్నావా సూర్యా? అందరూ ఇలాగే అనాలి. బంజెయ్!"

సూర్యప్రభ చేతిలోని మందు సీసా కింద పడింది. ఆవిడ పుట్టింది ఆ జగిత్యాల దిక్కునే, మెట్‌పల్లిలో. పెళ్లయి ఈయన చుట్టాల మధ్యకు వచ్చిన కొత్తలో, "మీ అమ్మాయి మాట కొంచెం మోటండీ" అని అత్తగారు ఆవిడ తల్లితో అన్నప్పటి నుంచి పుట్టింటి మాట నోట్లోంచి రానివ్వలేదు. ఆవిడ వంగి సీసా తీసింది. భర్త మొహం ఒకసారి చూసింది. తర్వాత సమోసాల పళ్లెం పట్టుకుని లచ్చన్న దగ్గరికి వచ్చి, పెదవులు కదిలీ కదలకుండా అంది: "అన్నా, ఎనుక దాక ఇనవడుతలేదు. జెర గట్టిగ అనుర్రి."

లచ్చన్న చేతిలో సమోసా చేతిలోనే ఉండిపోయింది.

శుక్రవారం వచ్చింది. ముందు వరసల్లో రిఫా కుటుంబాలు, పట్టు చీరలు, సెంటు వాసన. వెనక వరసలు ఖాళీగా ఉంటే ఫొటోల్లో బాగుండదని, అస్కర్ క్యాంపుల నుంచి నాలుగు బస్సుల జనాన్ని తెచ్చి నింపారు. కేశవరావు గారు వెల్వెట్ కోటులో, పొట్టకు బిగించిన బెల్టులో, బంగారు రంగు అట్ట కిరీటంలో వెలిగిపోతున్నారు. పదహారేళ్లు కాదు గానీ, అరవై ఏళ్లు మాత్రం కనిపించడం లేదు. ఒక మూల స్టాండు మీద ఫోను, లైవ్ నడుస్తోంది.

దర్బారు సీను వచ్చింది. మొదట లింబాద్రి నడిచి వెళ్లాడు. వంగినట్టే వంగి, నిటారుగా లేచి, "బంజెయ్ దొరా! కాల్మొక్కుడు!" అన్నాడు.

ముందు వరసల వాళ్లు అయ్యో పాపం అన్నట్టు మొహాలు పెట్టారు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రెండోవాడు అన్నాడు. మూడోవాడు అన్నాడు. పరమేశ్ వంతుకు వచ్చేసరికి వెనక ఉన్నవాళ్లకు సంగతి పూర్తిగా ఎక్కింది. కుర్చీలు కదిలాయి, ఈలలు మొదలయ్యాయి. ఎవరో "సాబాష్ బిడ్డా!" అన్నారు. లచ్చన్న వచ్చి, రాజుగారి కళ్లలోకి చూస్తూ, తాత వీపు మీది బండ ఇవాళ తానే దింపుతున్నట్టు గుండెల నిండా గాలి పీల్చి, ఆ మాట అన్నాడు. హాలు దద్దరిల్లింది.

రాజుగారు గర్జించాల్సిన ఘట్టం అదే. "లేవండి" అని నోరు తెరిచారు కూడా. చప్పట్లలో ఆ మాట వినబడలేదు. అన్ని చప్పట్లు ఆయన జన్మలో వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వన్స్ మోర్ అంటున్నారు!" అన్నారు.

ఎవరూ అనలేదు. ఆయనకు వినిపించింది. ప్రజలు మళ్లీ వరసలోకి వెళ్లి మళ్లీ వచ్చారు. ఈసారి స్టేజీ మీద ఒక్కొక్కడు "బంజెయ్" అంటే, వెనక నాలుగు బస్సుల జనం ఒక్క గొంతుతో "దొరా!" అన్నారు. వారం వారం ఫోర్‌మన్ తిట్లు, వీసా ఇచ్చిన కఫీల్ చుట్టూ తిప్పలు, కన్నం లేని పచ్చ డబ్బా, అన్నీ కలిపి ఆ ఒక్క మాటలో కక్కేశారు. కేశవరావు గారు రెండు చేతులూ చాచి ఆ ప్రేమను స్వీకరించారు. మూడోసారి కూడా ఆడించారు. మూడోసారికి ముందు వరసల్లో పట్టు చీరలు కూడా సరదాగా "బంజెయ్ దొరా" అంటూ గొంతు కలిపాయి.

ఆచారాన్ని రద్దు చేసే డైలాగు మాత్రం ఆ సాయంత్రం ఎవరూ చెప్పలేదు. రాజుగారు మరిచేపోయారు. నేరుగా మంచమెక్కి ఇరవై నిమిషాల పాటు చనిపోయారు. ఆ ఇరవై నిమిషాల్లో వెనక వరసలు సగం ఖాళీ అయ్యాయి గానీ, చస్తున్నవాడికి అది కనిపించదు కదా.

తెర దిగాక, కిరీటం తీయకుండానే లచ్చన్నను కౌగిలించుకున్నారు. సెలవు కాగితం జేబులోంచి తీసి, రాసుకోవడానికి చోటు దొరక్క, లింబాద్రిని వంగమని వాడి వీపు మీద పెట్టి సంతకం చేశారు. "రిటర్న్ ఎప్పుడో నీ ఇష్టం పో" అన్నారు. ఇంటికి వెళ్లేలోపే సంఘం పేజీలో రాశారు: "మీ ఆదరణకు ధన్యవాదాలు. ఇక మన సంఘంలో పలకరింపు ఇదే. బంజెయ్ దొరా!" కింద మొట్టమొదటి లైకు సూర్యప్రభది.

శనివారం పొద్దున లచ్చన్న సామాను సర్దుతున్నాడు. మధ్యాహ్నం ఫ్లైటు. తెల్ల చొక్కాలు మూడూ పైనే పెట్టుకున్నాడు, దిగగానే ఒకటి వేసుకోవచ్చని. ఎయిర్‌పోర్టు నుంచి ఊరి పొలిమేర దాకా కారు, అక్కడి నుంచి డప్పులు, దండలు, ఓపెన్ జీపు. అన్నీ మనసులో తయారుగా ఉన్నాయి. భీమవ్వకు ఫోను చేశాడు.

"సూసినవా వీడియో?"

"సూసినం. ఊరు ఊరంత సూసింది." భీమవ్వ గొంతులో నవ్వు పొంగుతోంది. "పోరగాండ్లు మైకుల అదే పెడ్తున్రు. గడీ ముంగట నిలవడి మరీ ఒర్రుతున్రు. ముత్తవ్వ ఇంట్లకెల్లి బయటికొస్తలేదు. మంచిగ అన్నవయ్యా, మీ తాత బతికుంటె సంబురపడుతుండె."

లచ్చన్న మీసం దానంతటదే లేచింది. "గెలుస్తం గద?"

"గెలుస్త."

"ఆఁ, గెలుస్తం. ఇగ ఇను. రేపు పొద్దుగాల దిగుత. పొలిమేర కాడికి జీపు పంపు. మీటింగుల నువ్వు దండం పెట్టు సాలు, మాట్లాడుడు నేను సూసుకుంట. సెక్రెటరీని ఇంటికి రమ్మను, కాయిదాలు నాకు సూపియ్యాలె. సంతకాలు నేను సూసినంకనే పెట్టు..."

"నువ్వు రాకు."

లచ్చన్న సరిగా వినబడలేదనుకున్నాడు. "ఏందీ? లీవిచ్చిండే! సంతకం గూడ అయింది!"

"ఇయ్యని. నువ్వు రాకు" అంది భీమవ్వ. నవ్వు పోయింది, కోపమూ లేదు, మామూలు గొంతు. "నీ ఫ్లెక్సీ కట్టిన్నాటి సంది ఆడోళ్లు ఒక్కటే అంటున్రు. లచ్చన్న వస్తె సర్పంచి లచ్చన్ననే, నువ్వు మల్ల బర్రెల కాడికే, నీకెందుకేయాలె ఓటు అని. ఫ్లెక్సీ ఇప్పేసిన. ఓట్లయ్యేదాక రాడు, వచ్చినా కుర్సీ ముట్టడని గుళ్లె దీపం ముట్టి ఒట్టేసిన."

"నన్నడగకనే ఒట్టేస్తవా?" లచ్చన్న గొంతు లేచింది. గదిలో పరమేశ్ తల తిప్పాడు. "రాత్రి అంతమంది ముంగట, మేనేజర్ మొఖం మీద ఆ మాట అన్ననే నేను! ఎవని కోసం అన్న?"

"దొరను అన్నవు, బాగనే అన్నవు. నేను కాదంటలే." అంది భీమవ్వ. "ఇరువై ఏండ్లాయె. నువ్వొచ్చినప్పుడల్ల చెంబుల నీళ్లు వట్టుకొని నీ కాళ్లు కడిగిన. తువ్వాల వట్టుకొని నిలవడ్డ. ఒక్కనాడన్న, ఇగ సాలు, బంజెయ్యవే అన్నవా?"

   సిగ్గుతో లచ్చన్న చెవులు వేడెక్కాయి. అంతకన్నా ముందు కోపమొచ్చింది, కానీ ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

అవతల ఎవరో "సర్పంచమ్మా, జల్ది రా!" అని పిలుస్తున్నారు. ఇంకా గెలవనే లేదు, అయినా ఆమెను అలా పిలుస్తున్నారు. ఆమె "ఆఁ, వస్తున్న" అని పలికింది కూడా.

"గెలిచినంకనన్న రావొచ్చునా?" అన్నాడు లచ్చన్న చివరికి. 

"ఎందుకు రావద్దు? నీ ఊరే గదా. పని వడితె పంచాయతి ఆఫీసుకు రా. బయట బెంచీ ఏపిస్త. కూసో, పిలుస్తరు."

ఫోను పెట్టేసింది. లచ్చన్న సూట్‌కేసు పక్కన మంచం మీద కూలబడ్డాడు. పరమేశ్ ఉండబట్టలేక, "యల్లా అన్నా, బండొచ్చింది. ఏమన్నది వదిన?" అని అడిగాడు.

లచ్చన్న తెల్ల చొక్కా ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుని, దాని గుండీలు ఒక్కొక్కటే విప్పసాగాడు.

"బెంచీ ఏపిస్తదట" అన్నాడు.